తెల్లవార్లూ చేసిన పని ఏ పద్దులో ఉంది?

[తెరపై: చీకటి గది. మంచం పక్కన చిన్న దీపం. గోడ గడియారంలో రాత్రి రెండు.]

మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి. ఈ కూతురు పదింటికి లేచింది, పన్నెండింటికి లేచింది, ఇప్పుడు మళ్లీ లేచింది. ఒక చేయి తల్లి భుజం కింద, ఇంకో చేయి నడుం కింద పెట్టి, బరువంతా తన వైపు లాక్కుని, వెనుక దిండు సర్దింది. దుప్పటి ముడతలు కూడా ఆ పల్చని చర్మాన్ని నొక్కుతాయి కాబట్టి చేత్తో తడిమి చూసి, లాగి చదును చేసింది. మళ్లీ నాలుగింటికి లేవాలి.

ఈ పనికి దేశ ఆర్థిక లెక్కల్లో విలువ సున్నా.

[తెరపై: అదే గది, అదే మంచం. కూతురి స్థానంలో జీతానికి వచ్చిన నర్సు.]

ఇదే పనికి నర్సును పెట్టుకుంటే ఆమె జీతం స్థూల దేశీయోత్పత్తిలో, అంటే వార్తల్లో రోజూ వినే జీడీపీలో, ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువలో చేరుతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్దాం. పక్కింట్లోనూ ఇలాంటి తల్లే ఉంది, ఆమెకూ ఒక కూతురు ఉంది. ఈమె ఆ తల్లిని, ఆమె ఈ తల్లిని చూసుకుంటూ ఒకరికొకరు సమానంగా జీతం ఇచ్చుకున్నారనుకోండి. ఎవరి డబ్బు వారికే తిరిగి వచ్చింది. తల్లులిద్దరికీ కన్నబిడ్డ చేయి దూరమైంది. లెక్క ప్రకారం మాత్రం దేశం ఎదిగింది!

లెక్క వేసేవాళ్లు పొరబడి ఇలా జరగలేదు. ఈ లెక్క తయారైనప్పుడే అలా తయారైంది.

[తెరపై: నలుపు తెలుపు చిత్రాలు. మూతపడ్డ కర్మాగారాలు, పని కోసం బారులు తీరిన మనుషులు.]

ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన మహామాంద్యం రోజులవి. అమెరికాలో పని చేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. దేశం ఎంత లోతుకు జారిందో చెప్పే సమగ్రమైన అంకె ప్రభుత్వం చేతిలో లేదు. ఆ అంకె తయారుచేసే బాధ్యత సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త మీద పడింది. 1929 నుంచి 1932 వరకు, మూడేళ్లలో, జాతీయాదాయం (నేటి జీడీపీ లెక్కకు మూలం ఇదే) దాదాపు సగానికి పడిపోయిందని 1934లో ఆయన సెనేట్‌కు ఇచ్చిన నివేదిక తేల్చింది. నిజంగా గొప్ప పని. ఆ అంకె లేకపోతే ప్రభుత్వాలు చీకట్లో తడుముకునేవి.

అయితే అదే నివేదికలో మరో రెండు మాటలు ఉన్నాయి. ఇంట్లో ఆడవాళ్లు, ఇతర కుటుంబ సభ్యులు చేసే సేవలు చాలా పెద్దవే అయినా, వాటికి వెలకట్టే నమ్మకమైన ఆధారం లేనందున వదిలేస్తున్నామన్నది ఒకటి. జాతీయాదాయాన్ని కొలిచినంత మాత్రాన ప్రజల క్షేమం ఎలా ఉందో చెప్పలేమన్నది రెండోది. లెక్క కట్టిన మనిషే చేసిన హెచ్చరిక ఇది. ఆ తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది, యుద్ధానికి దేశం ఎంత ఉత్పత్తి చేయగలదో తెలియాల్సి వచ్చింది. 1953లో ఐక్యరాజ్యసమితి దేశాలన్నింటికీ ఉమ్మడి లెక్కల విధానాన్ని ప్రచురించింది. అంకెను నెత్తిన పెట్టుకున్నారు, హెచ్చరికను అటకెక్కించారు.

[తెరపై: ఆసుపత్రి వరండా. చక్రాల కుర్చీలో బయటకు వస్తున్న రోగి. తలుపు మూసుకుంటుంది.]

దీనివల్ల నష్టం ఏమిటంటారా? ఒక ఆసుపత్రి ఖర్చు తగ్గించుకోవడానికి రోగులను మూడు రోజులు ముందే ఇంటికి పంపేస్తుందనుకుందాం. పద్దులో ఆదా కనిపిస్తుంది. సామర్థ్యం పెరిగిందని నివేదిక రాస్తారు. ఆ మూడు రోజుల సేవ ఎక్కడికి పోయింది? గాయానికి కట్టు మార్చడం, మందులు వేళకు వేయడం, రాత్రి జ్వరం చూడటం, ఇవేవీ ఆగలేదు. ఇంట్లో ఎవరో ఉద్యోగానికి సెలవు పెట్టి చేస్తున్నారు, లేదా ఉద్యోగమే మానేసి చేస్తున్నారు. ఆదా అని రాసుకున్నది అసలు ఆదాయే కాదు. ఖర్చును కనిపించని చోటికి నెట్టారు, అంతే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: లెక్కలో లేనివారి మీదే భారం పడేస్తారు, ఎందుకంటే అక్కడ పడేస్తే ఎవరికీ కనబడదు.

ఆ కనిపించని చోటు ఎంత పెద్దదో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో అంచనా వేసింది. ప్రపంచంలో జీతం లేని ఇంటి పనికి, సంరక్షణకు రోజూ 1,640 కోట్ల గంటలు పోతున్నాయి. 200 కోట్ల మంది రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఉచితంగా పనిచేయడంతో ఇది సమానం. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా చేస్తున్నది స్త్రీలే.

[తెరపై: రెండు గీతలు. ఒకటి పైకి, ఒకటి కిందికి.]

వృద్ధి లేకపోతే ఆసుపత్రులకు, బడులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పేద దేశంలో ఆదాయం పెరగక తప్పదు, అందులో నాకు సందేహం లేదు. కానీ డబ్బు పెరిగితే క్షేమం దానంతటదే వెంట వస్తుందా? 2014 నుంచి 2017 వరకు అమెరికా జీడీపీ ఏటా పెరిగింది. అవే సంవత్సరాల్లో అక్కడి సగటు ఆయుర్దాయం తగ్గింది. మత్తుమందుల మోతాదు మించిన మరణాలు, ఆత్మహత్యలు అందుకు ముఖ్య కారణాలు.

[తెరపై: పాత సైనిక బురుజు. గోడ మీద సుత్తి దెబ్బ.]

ఇప్పుడు మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికా చూడండి. 1948 డిసెంబరు 1న ఆ దేశ నాయకుడు హోసే ఫిగెరెస్ సుత్తి పట్టుకుని ఒక సైనిక స్థావరం గోడను కొట్టాడు. సైన్యాన్ని రద్దు చేస్తున్నట్లు అలా చాటాడు. ఆ భవనం ఇప్పుడు జాతీయ మ్యూజియం. సైన్యానికి పోయే డబ్బు చదువుకు, వైద్యానికి మళ్లింది. 1990లలో ప్రాంతాలవారీగా ఆరోగ్య బృందాలను ఏర్పాటు చేశారు. నాలుగైదు వేల మందికి ఒక బృందం: ఒక డాక్టరు, ఒక నర్సు, ఇల్లిల్లూ తిరిగే ఒక ఆరోగ్య కార్యకర్త. జబ్బు ముదిరి ఆసుపత్రి గడప తొక్కేదాకా ఆగకుండా, ఆ కార్యకర్తే ఇంటి తలుపు తడతారు. 2019 నాటికి కోస్టారికా తలసరి జీడీపీ అమెరికాలో ఐదో వంతే, ఆయుర్దాయం మాత్రం అమెరికాను మించి 80 ఏళ్ల దగ్గర ఉంది.

ప్రజల సంతోషాన్ని కొలిచే భూటాన్ గురించి చాలామంది వినే ఉంటారు. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది బ్రిటన్‌లో భాగమైన వేల్స్. భావి తరాల క్షేమం కోసం 2015లో అక్కడ చట్టం చేశారు. ఇంకా పుట్టనివారి తరఫున మాట్లాడేందుకు ఒక కమిషనర్‌ను కూడా నియమించారు. న్యూపోర్ట్ నగరం చుట్టూ, చిత్తడి నేలల మీదుగా ఒక పెద్ద రహదారి వేయాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. ఖర్చు వంద కోట్ల పౌండ్లకు పైనే. బహిరంగ విచారణ జరిపిన అధికారి వేయవచ్చన్నారు, కమిషనర్ గట్టిగా వద్దన్నారు. 2019 జూన్‌లో ప్రభుత్వాధినేత మార్క్ డ్రేక్‌ఫోర్డ్ దాన్ని తిరస్కరించారు. ఖర్చుతో పాటు ప్రకృతికి కలిగే నష్టాన్నీ కారణంగా చూపారు. చట్టం ఒక్కటే ఆ రోడ్డును ఆపిందని చెప్పను. కానీ రోడ్డు వేస్తే ఎంత వృద్ధి వస్తుందన్న ప్రశ్న పక్కన, ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ బతికేవాళ్లకు ఏం మిగులుతుందన్న ప్రశ్న కూడా ఆ బల్ల మీద ఉంది.

[తెరపై: మొదటి గది. గడియారంలో నాలుగు.]

మరి ఈ గది సంగతి? 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం లెక్కల ప్రమాణాలను సవరించింది. క్షేమానికి, పర్యావరణ సుస్థిరతకు అందులో చోటు పెరిగింది. జీతం లేని ఇంటి సేవలకు విడిగా అనుబంధ పట్టికలు తయారుచేయమని దేశాలకు సూచించింది. జీడీపీ అనే ప్రధాన అంకెలో మాత్రం ఆ సేవలు ఇంకా లేవు. దేశాలు ఈ మార్పులను 2029, 2030 ప్రాంతంలో అమల్లోకి తేవాల్సి ఉంది. ఆ పట్టిక తయారు కావాలంటే ఎవరో ఒకరు ఈ ఇంటికి వచ్చి, రాత్రి ఎన్నిసార్లు లేస్తావమ్మా అని ఈ కూతురిని అడిగి రాసుకోవాలి.