మ్యాన్‌హోల్ మూత ఎందుకు ఎత్తకూడదు?

హోస్ట్: వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ గల్లీలో చూసినా ఒకటే సీను సార్. నీళ్లు నిలుస్తాయి, ఎవరో గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత లేపుతారు, కాసేపటికి రోడ్డు ఖాళీ. ఇందులో తప్పేముంది?

ఇంజినీర్: ఖాళీ అయింది మీ గల్లీయే కదా! ఆ నీళ్లు దిగువ బస్తీలో పైకి పొంగుతాయి, ఒక్కోసారి ఇంట్లో బాత్రూంలోంచి తన్నుకొస్తాయి. డ్రైనేజీ లైను వేసేది ఇళ్ల మురుగు లెక్క చూసి, వాన నీళ్లకు నాలాలు వేరే ఉన్నాయి. పైగా నీళ్లతో పాటు మట్టి, కంకర, కవర్లు, తెగిన చెప్పులు అన్నీ లోపలికే. మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్లు పారేలా వాలు పెడతాం, ఆ వేగం ఉంటేనే మట్టి అడుగున పేరుకోదు. మీరు లారీడు మట్టి తోసేస్తే ఏ వాలు మాత్రం ఏం చేస్తుంది?

హోస్ట్: పేరుకుంటే ఎయిర్‌టెక్ మిషన్, అదే ప్రెషర్‌తో నీళ్లు కొట్టి లైను కడిగే బండి, వచ్చి పైనుంచి కిందికి తోసేస్తుందిగా?

ఇంజినీర్: అంతా అలాగే అనుకుంటారు, కానీ రివర్స్. మిషన్ పైపుని దిగువ మ్యాన్‌హోల్‌లో దించి ఎగువకు పంపుతారు. దాని కొసన నాజిల్ రంధ్రాలు వెనక్కి ఉంటాయి, ప్రెషర్‌తో నీళ్లు వెనక్కి కొడుతుంటే పైపు తనంతట తనే ముందుకు పాకుతుంది, వెనక్కి లాగేటప్పుడు సిల్టంతా, అంటే పేరుకున్న మట్టీ బురదా, కొట్టుకొచ్చి మ్యాన్‌హోల్‌లో పడుతుంది. దాన్ని తీసి పక్కనే కుప్ప పోసి పోయారనుకోండి, తర్వాతి వానకి మళ్లీ లోపలికే! పెద్ద బండి సందుల్లో పట్టదు, అందుకే 2017లో జలమండలి, అంటే మన వాటర్ బోర్డు, మినీ జెట్టింగ్ మిషన్లు తెచ్చింది.

హోస్ట్: అయినా మనుషులు దిగుతూనే ఉన్నారు, చనిపోతూనే ఉన్నారు.

ఇంజినీర్: మనుషుల్ని అలా దించొద్దని 2013 చట్టం ఉంది, 2023లో సుప్రీంకోర్టు పరిహారం 30 లక్షలకు పెంచింది, అయినా అంతే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, బాగా ఎక్కువైతే ముక్కుకి ఆ వాసన కూడా తెలీదు. కంపు లేదు కదా అని దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తీయబోయిన రెండోవాడూ అక్కడే పడతాడు.

హోస్ట్: మరి మురుగు శుద్ధి చేసే ఎస్టీపీలు ఇన్ని కడుతున్నారుగా...

ఇంజినీర్: కట్టాలి, కాదనను. అంబర్‌పేట ప్లాంటు ఒక్కటే 339 ఎంఎల్‌డీ, రోజుకు దాదాపు 34 కోట్ల లీటర్లు. కొత్తవాటిలో ఎస్‌బీఆర్ పద్ధతి: ఒకే ట్యాంకులో మురుగు నింపి, గాలి కొట్టి, బ్యాక్టీరియా దాన్ని తిన్నాక గాలి ఆపి, పైన తేరిన నీళ్లు తీసేస్తారు. కానీ లైను పూడి మురుగు నాలాలోకి మళ్లితే అది ప్లాంటు ముఖం చూడకుండానే మూసీలో కలుస్తుంది. డబ్బులు ప్లాంట్లకి తొందరగా వస్తాయి, పైపులు కడగడానికి రావు. ఇక హోటళ్లూ అపార్ట్‌మెంట్లూ మట్టీ జిడ్డూ లైనులోకి రాకుండా ఆపే సిల్ట్ ఛాంబర్ లేకుండా నూనె జిడ్డంతా మన మీదకే వదులుతుంటాయి.

హోస్ట్: మా అపార్ట్‌మెంట్‌లో ఉందో లేదో వాచ్‌మన్‌ని అడగాలి.

ఇంజినీర్: ఉంటే చివరిసారి ఎప్పుడు తీయించారో కూడా అడగండి.