ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే ట్రాన్సిస్టర్లు

అందరికీ నమస్కారం. పాత కంప్యూటర్‌కి ప్రాణం పోద్దామని కూర్చున్నవాళ్లకు ఫ్లాపీ డ్రైవ్ దగ్గరే పని ఆగిపోతుంటుంది. బెల్టు సాగిపోతుంది, హెడ్డుకి మట్టి పడుతుంది, డిస్కు మీది పూత రాలిపోతుంది. అందుకే డ్రైవ్ తీసేసి, ఆ స్థానంలో ఓ మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న చిప్) పెట్టి కంప్యూటర్‌ని నమ్మిస్తుంటాం. ప్రోగ్రాం సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇవాళ తీగల గురించే మాట్లాడతాను.

అవతల మోటారు నిజంగా తిరుగుతోందా లేదా అన్నది కంప్యూటర్‌కి అక్కర్లేదు. 34 పిన్నుల కేబుల్లో ఏ తీగ ఎప్పుడు సున్నాకి దిగిందన్నదే దానికి తెలుసు. 1976లో షుగార్ట్ కంపెనీ తెచ్చిన ఎస్ఏ400 దగ్గర్నుంచి నడుస్తున్న పద్ధతి ఇది: 150 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తీగను 5 వోల్టుల దగ్గర ఉంచుతుంది, కబురు చెప్పాల్సినవాడు దాన్ని గ్రౌండ్‌కి లాగుతాడు. పైకి నెట్టేవాడు ఎవడూ లేడు కాబట్టే ఒకే కేబుల్ మీద రెండు డ్రైవ్‌లు కొట్టుకోకుండా ఉంటాయి.

5 వోల్టులను 150తో భాగిస్తే 33 మిల్లీ ఆంపియర్లు. చాలా మైక్రోకంట్రోలర్ల పిన్ను అంత మోయలేదు. బీసీ547 లాంటి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ సునాయాసంగా మోస్తుంది. ట్రాన్సిస్టర్‌లో బేస్ అనే కాలికి ఇచ్చే చిన్న కరెంటు, కలెక్టర్ అనే కాలిలో పారే పెద్ద కరెంటుని నడిపిస్తుంది; ఎన్ని రెట్లన్నదే గెయిన్. ఆ గెయిన్ 200 అని డేటాషీట్‌లో చూసి, బేస్‌కి చిటికెడు కరెంటు చాలనుకోకండి. స్విచ్‌గా వాడుతున్నప్పుడు కలెక్టర్ కరెంటులో పదో వంతు ఇవ్వాల్సిందే. 3.3 వోల్టుల పిన్నుకి 680 ఓమ్‌లు పెడితే, బేస్ దగ్గర పోయే 0.7 వోల్టులు తీసేశాక 3.8 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, సరిపోతుంది.

ఇండెక్స్ (డిస్కు ఒక చుట్టు తిరిగిందని చెప్పేది), ట్రాక్ జీరో (హెడ్డు మొదటి ట్రాక్ మీద ఉందని చెప్పేది) లాంటి తీగలకు ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. నిమిషానికి 300 చుట్లు తిరిగే డ్రైవ్‌లో ఇండెక్స్ పల్సు 200 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. ఎంత బద్ధకపు ట్రాన్సిస్టరైనా అందుకోగలదు.

అసలు టెన్షన్ 30వ పిన్నుతో, అంటే డిస్కు నుంచి చదివిన సమాచారం పల్సులుగా వెళ్లే రీడ్ డేటాతో. డబుల్ డెన్సిటీలో పల్సుల మధ్య కనీసం 4 మైక్రోసెకన్లు, హై డెన్సిటీలో 2 మాత్రమే. ట్రాన్సిస్టర్ ఆన్ అవ్వడం చకచకా జరిగిపోతుంది. ఆఫ్ అవ్వడమే ఆలస్యం. బేస్‌కి ధారాళంగా కరెంటు ఇచ్చాం కదా, అక్కడ పోగైన ఛార్జి ఖాళీ అయ్యేదాకా అది వదలదు. దాంతో పల్సు తోక సాగి, తర్వాతి పల్సుకి తగులుకుంటుంది. ఆసిలోస్కోప్‌లో రెండు గుంటలు ఉండాల్సిన చోట ఒకే వెడల్పాటి గుంట కనిపిస్తుంది. కంప్యూటర్ మాత్రం డిస్కు పాడైందంటుంది!

దీనికి మందు షాట్కీ డయోడ్: యానోడ్ బేస్‌కి, క్యాథోడ్ కలెక్టర్‌కి. ఎక్కువైన బేస్ కరెంటు పక్కదారిన పోతుంది, ట్రాన్సిస్టర్ ఆ ఛార్జిలో పూర్తిగా మునిగిపోదు. కలెక్టర్ దాదాపు 0.4 వోల్టుల దగ్గర ఆగుతుంది. పాత కంప్యూటర్లలోని టీటీఎల్ చిప్‌లు 0.8 దాకా సున్నాగానే తీసుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. బేస్ కరెంటు అక్కర్లేకుండా గేటు వోల్టేజీతో నడిచే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ పెడితే పోలేదా అంటారేమో. 2ఎన్7000కి గేటు దగ్గర 3.3 వోల్టులు అన్నిసార్లూ చాలవు, నేనైతే నమ్మను.

కంప్యూటర్ నుంచి వచ్చే తీగలకు, ఉదాహరణకి హెడ్డుని ఒక ట్రాక్ జరపమని చెప్పే 20వ పిన్ను స్టెప్‌కి, పైకి లాగే రెసిస్టర్ మన వైపే ఉండాలి. అటు ఓపెన్ కలెక్టరే (తీగను కిందికి లాగడమే తప్ప పైకి నెట్టనిది) అని ఖాయమైతే, కేబుల్ మీద వేరే డ్రైవ్ లేకపోతే, దాన్ని 3.3 వోల్టులకే కట్టండి. లెవెల్ మార్చే చిప్ ఖర్చు తప్పుతుంది.

మొదలుపెట్టేవాళ్లు ముందు 8 (ఇండెక్స్), 26 (ట్రాక్ జీరో) పిన్నులు పని చేయించండి. రాయడం మీ ప్రోగ్రాంకి చేతనయ్యేదాకా 28వ పిన్ను, అంటే డిస్కు మీద రాయకూడదని కంప్యూటర్‌కి చెప్పే రైట్ ప్రొటెక్ట్ ట్రాన్సిస్టర్‌ని, డ్రైవ్ సెలెక్ట్ అయిన ప్రతిసారీ ఆన్‌లోనే ఉంచండి.