ఆ తంగేడు షీటు ఎక్కడుంది?

వేదిక మీది పెద్దలకు, సాటి అధ్యాపకులకు, పిల్లలకు నమస్కారం. పదిహేను నిమిషాలే ఇచ్చారు. నేరుగా విషయానికి వస్తాను.

చిత్తూరు జిల్లా పిల్లలు మీరు, వేరుశనక్కాయ ఒలవని చెయ్యి ఇక్కడ ఉండదు. ఆ వేరుశనగకి, మన శేషాచలం ఎర్రచందనానికి దాయాది వరస అంటే నమ్ముతారా? పేరులో శనగ ఉన్నా అసలు శనగ దూరపు చుట్టమే. ఎర్రచందనం కాయ చూశారా? అప్పడంలా గుండ్రంగా, చుట్టూ రెక్కతో, నడుమ గింజతో ఉంటుంది. కంటికి ఏ పోలికా దొరకదు. డీఎన్ఏ చదివాకే ఆ చుట్టరికం బయటపడింది.

ఇందుకు బాగా పనికొచ్చింది ఆకుపచ్చ రేణువులో, అంటే క్లోరోప్లాస్ట్‌లో ఉండే డీఎన్ఏ. డీఎన్ఏ రాతలో సుమారు లక్షన్నర రసాయన అక్షరాలు. చాలా మొక్కల్లో తల్లి నుంచే వస్తుంది కాబట్టి వంశం చిక్కుపడదు. వేరుశనగ, కంది, శనగ, ఎర్రచందనం, వీటన్నిట్లో 50 వేల అక్షరాల ముక్క ఒకటి తిరగబడి ఉంటుంది. తంగేడు పొదలో తిరగబడలేదు. ఆ మార్పు రాకముందే దాని దారి వేరైపోయింది.

వెనక వరసకి వినబడుతోందా అమ్మా? ఇప్పుడు చెప్పేది వినండి.

1987లో మామండూరు వాగు పక్కన పూతకొచ్చిన తంగేడు కొమ్మ కోశాం. వారం రోజులు పేపర్లు మార్చి మార్చి ఆరబెట్టాం. తెల్లదారంతో అట్టకి కుట్టి, చోటు, తేదీ, పూల రంగు రాశాం. శాస్త్రీయ నామం కాసియా అని రాశాం, ఇప్పుడు దాన్ని సెన్నా అంటున్నారు. అలాంటివి నూట ఎనభై షీట్లు. కొన్నేళ్ళకి వెళ్తే వాటిని దాచిన గదికి సున్నం వేసి కంప్యూటర్లు పెట్టారు. షీట్లేవని అడిగితే పాత పేపర్లవాడికి వేశామన్నారు. కిలో లెక్కన!

ఒక్క ఆకు కణంలో ఈ క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ ప్రతులు వందల నుంచి వేల దాకా ఉంటాయి. అందుకే నలభై ఏళ్ళనాటి ఎండుటాకు నుంచి కూడా చదవగలుగుతున్నారు. మా మామండూరు తంగేడు షీటు మిగిలి ఉంటే ఈరోజు దాన్నీ చదవగలిగేవాళ్ళు. సీక్వెన్స్ చేసినవాళ్ళు, అంటే ఆ అక్షరాలు వరసగా చదివినవాళ్ళు, మొక్క పేరు తప్పు రాస్తే సరిచూసుకోవడానికి ఆ షీటే కదా ఆధారం? షీటు లేని సీక్వెన్స్‌ని దేనితో పోల్చుతారు నాయనా?

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క చెక్క బీరువా ఇప్పించండి. తాళం చెవి పిల్లల దగ్గరే ఉండనివ్వండి. మొక్కలు అదిమి ఆరబెట్టే నా పాత ప్రెస్, దాని బెల్టులు అదిగో ఆ మూల బల్ల మీద పెట్టాను. ఆదివారం పొద్దున ఆరింటికి మామండూరు బయల్దేరుతున్నాను. వచ్చేవాళ్ళు పాత పేపర్లు తెచ్చుకోండి.