రెంటల్ ఇల్లు కొంటే మన జీతం మీద టాక్స్ తగ్గుతుందా? | డల్లాస్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ శనివారం ఫ్రిస్కో నుంచి ఆబ్రీ వైపు వెళ్తున్నాం. అక్కడ మా అద్దె ఇల్లుంది. డిష్‌వాషర్ కారుతోందని టెనెంట్స్ మెసేజ్ పెట్టారు. మా ఆయన డ్రైవింగ్, నేను కబుర్లు.

ఇక్కడ మనవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే టాపిక్ ఇదే కదా: "ఒక రెంటల్ కొనేయండి, టాక్స్ బోలెడు మిగులుతుంది." అందులో సగమే నిజం. లెక్క చూద్దాం.

ఇల్లు 4 లక్షల డాలర్లు అనుకోండి. లక్ష డౌన్‌పేమెంట్, మిగతా 3 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి లోన్. అద్దె నెలకు 2,600, అంటే ఏడాదికి 31,200. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 19,400. ప్రాపర్టీ టాక్స్ ఓ 8,000 వేసుకోండి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని సంబరపడతాం కానీ, ఆ ముచ్చట ఇక్కడ తీర్చేస్తారు. పైగా సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ టాక్స్‌లో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు అద్దెకిచ్చిన ఇంటికి ఉండదు. ఇన్సూరెన్స్ 2,500. అన్నీ పోగా మిగిలేది 1,300. అసలు కింద కట్టేది సుమారు 3,350, అది ఖర్చు కింద రాదు. అంటే రిపేర్లు రాకముందే జేబులోంచి ఏడాదికి రెండు వేలు పడుతున్నట్టే.

అసలు లాభం డిప్రిసియేషన్‌లో ఉంది, అంటే కట్టడం ఏటా కొంత అరుగుతుందని రాసుకునే ఖర్చు. స్థలం విలువ తీసేసి, కట్టడం విలువను ఇరవై ఏడున్నరేళ్లకు పంచుతారు. స్థలం 80 వేలు అనుకుంటే, మిగిలిన 3,20,000కి ఏడాదికి సుమారు 11,600 ఖర్చు రాసుకోవచ్చు. చేతినుంచి పైసా కదలదు! టాక్స్ రిటర్న్‌లో అద్దె లెక్కలు చూపే ఫారం "షెడ్యూల్ E"లో ఆ ఇల్లు 10,300 నష్టంలో కనిపిస్తుంది.

మరి ఆ నష్టం మన జీతంలోంచి తీసేయొచ్చా? ఇంటి వ్యవహారాలు మనమే చూసుకుంటుంటే 25,000 డాలర్ల వరకు తీసేయొచ్చు. కానీ ఆదాయం లక్ష దాటిన దగ్గర్నుంచి ఆ వెసులుబాటు తగ్గుతూ వచ్చి, లక్షా యాభై వేలకు సున్నా అవుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే ఇక చెప్పేదేముంది! పార్టీల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అలాగని ఆ నష్టం ఎక్కడికీ పోదు. రాబోయే ఏళ్లకు జమవుతూ ఉంటుంది. అద్దె పెరిగి ఇల్లు లాభంలోకి వచ్చినప్పుడు దాన్ని ఆ లాభంలోంచి తీసేసుకోవచ్చు, మొత్తం అమ్మేసిన ఏడాది మిగిలిందంతా వాడుకోవచ్చు. నా దృష్టిలో రెంటల్ అంటే ఈ ఏడాది రిఫండ్ కాదు, పదిహేనేళ్ల ఓపిక.

ఆదాయం ఎంతున్నా ఆ నష్టం జీతంలోంచి తీసేయాలంటే "భార్యకు రియల్ ఎస్టేట్ లైసెన్స్ తీయిస్తే చాలు" అనేవాళ్లూ ఉన్నారు. లైసెన్స్ ఒక్కటే చాలదండీ. ఏడాదికి 750 గంటలు దాటి, చేసే పనిలో సగానికి మించి ఆ రంగంలోనే ఉండాలి. అద్దె ఇంటి పని కూడా నిజంగా చేయాలి, లెక్కలు రాసి పెట్టుకోవాలి.

అమ్మేటప్పుడు ఇంకో మెలిక. ఇన్నేళ్లూ రాసుకున్న డిప్రిసియేషన్ మీద 25 శాతం వరకు టాక్స్ పడుతుంది. "అయితే రాసుకోవడం మానేస్తాం" అంటారా? మానేసినా, రాసుకున్నట్టే లెక్కేసి వసూలు చేస్తారు. కాబట్టి రాసుకోవాల్సిందే. అమ్మిన డబ్బుతో ఇంకో పెట్టుబడి ఇల్లు కొనే ఆలోచనుంటే, టాక్స్‌ను వాయిదా వేసే 1031 ఎక్స్చేంజ్ అనే పద్ధతి ఉంది: 45 రోజుల్లో ఇల్లు గుర్తించాలి, 180 రోజుల్లో కొనడం పూర్తవ్వాలి. మధ్యలో డబ్బు మన చేతికి రాకూడదు.

కూకట్‌పల్లిలో ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్లు కూడా వినండి. ఇక్కడ టాక్స్ రెసిడెంట్ అయితే ఆ అద్దె ఇక్కడా చూపించాలి. ఇండియాలో కట్టిన టాక్స్‌కు ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు. 2018 నుంచి అద్దెకిచ్చిన ఇండియా ఇంటికైతే డిప్రిసియేషన్ 30 ఏళ్లకు పంచుతారు.

సరే, ఇల్లొచ్చేసింది. డిష్‌వాషర్ బాగుచేస్తే ఆ ఖర్చు ఈ ఏడాదే రాసుకోవచ్చు. అదే వడగళ్లకు పాడైన రూఫ్ మొత్తం కొత్తగా వేయిస్తే మామూలుగా మళ్లీ ఇరవై ఏడున్నరేళ్లు. మా ఆయన టూల్‌బాక్స్ తీస్తున్నారు, కెమెరా అటు తిప్పుతా ఉండండి.