ఫోన్-ఇన్ కార్యక్రమం: మాజీ సైనికులకు పీటీఎస్‌డీ చికిత్స

వ్యాఖ్యాత: నమస్కారం. యుద్ధం వంటి భయంకర అనుభవాల తర్వాత వచ్చి మాజీ సైనికులను వేధించే మానసిక వ్యాధి పీటీఎస్‌డీకి ఉన్న చికిత్సల గురించి మానసిక వైద్యురాలు మీ సందేహాలకు సమాధానమిస్తారు. మొదటి శ్రోత, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మా వారు సైన్యం నుంచి వచ్చి ఆరేళ్లయింది. రాత్రుళ్లు లేచి తలుపు గడియలన్నీ చూసి వస్తారు, ఎక్కడికెళ్లినా గోడకు వీపు ఆనించి గుమ్మం కనిపించేలా కూర్చుంటారు. ఒకసారి నిద్రలో ఉండగా మా అబ్బాయి భుజం తడితే చెయ్యి విసిరారు, ఆ తర్వాత ఆయనే కుమిలిపోయారు. అక్కడ ఏం జరిగిందో నేను అడగవచ్చా?

డాక్టర్: బలవంతంగా చెప్పించవద్దమ్మా. తనంతట తాను చెబితే వినండి. నిద్ర లేపాల్సి వస్తే ముట్టుకోకుండా, కాస్త దూరం నుంచి పిలవండి.

శ్రోత: అలాగేనండీ. కానీ చెప్పేసుకుంటే బరువు దిగుతుందని అందరూ అంటున్నారు. జనం ఉన్న చోటికి రారు, వార్తలు కూడా చూడలేరు కాబట్టి మేమే టీవీ కట్టేస్తాం. నేను నెమ్మదిగా అడిగితే తప్పేమిటండీ?

డాక్టర్: మళ్లీ చెబుతున్నాను, అది శిక్షణ పొందిన చికిత్సకుల పని. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో, సాధారణంగా 8 నుంచి 15 సిట్టింగులలో, ఆ సంఘటనను కళ్ల ముందు ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పించి, దాని రికార్డింగును ఇంటి దగ్గర వినమని, తప్పించుకుంటున్న చోట్లకు మెల్లమెల్లగా వెళ్లమని చెబుతారు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సిట్టింగులు. "నా వల్లే తోటివాడు పోయాడు" వంటి ఆలోచనలో నిజమెంతో రోగి చేతనే పరిశీలింపజేస్తారు. తప్పించుకునే కొద్దీ భయం బలపడుతుందమ్మా. మీరు ప్రేమతోనే టీవీ కట్టేస్తున్నారు, కానీ అది జబ్బుకే సాయపడుతోంది.

శ్రోత: ఆయన రానంటే?

డాక్టర్: ముందు మీరు వెళ్లి చికిత్సకులతో మాట్లాడండి. చనిపోవాలనే మాట ఆయన నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఆయుధం ఉంటే అందకుండా చేయండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతి శ్రోత.

శ్రోత: నేను మాజీ సైనికుడిని. ఈ జబ్బుకు డాక్టరు రాసిన సెర్ట్రలిన్ అనే మందు పది రోజులు వాడినా గుణం కనిపించక మానేశాను. రాత్రి కొంచెం తాగితేనే నిద్ర పడుతోంది.

డాక్టర్: ఆ మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది సార్. మీ అంతట మీరు మానవద్దు, రాసిన డాక్టరుతో మాట్లాడండి. మద్యంతో కునుకు త్వరగా పట్టినా తెల్లవారుజామున నిద్ర చెదిరిపోతుంది. తాగడం కూడా తప్పించుకోవడమేనండీ! రోజూ తాగుతుంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, అది కూడా డాక్టరుకు చెప్పండి.

వ్యాఖ్యాత: మరొక శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత: మా నాన్నగారు యుద్ధంలో పాల్గొని ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు చికిత్స ఫలిస్తుందా?

డాక్టర్: తప్పకుండా ప్రయత్నించండి. ఈ వ్యాధి 1980లో అమెరికా మనోవైద్య సంఘం నిర్ధారణ గ్రంథంలో చేరడానికి, ఏళ్ల తర్వాత కూడా బాధపడుతున్న వియత్నాం యుద్ధ సైనికులు ఒక ముఖ్య కారణం. దశాబ్దాలు గడిచాక చికిత్స మొదలుపెట్టి కోలుకున్నవారున్నారు. మొదటి కొన్ని సిట్టింగులలో కలత పెరిగినట్టు అనిపించవచ్చు, అప్పుడు మధ్యలో మాన్పించకండి, ఆ సంగతి చికిత్సకులకు చెప్పమనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు డాక్టర్ గారూ. సమయం అయిపోయింది, నమస్కారం.