ఇల్లుండగా గుడారమెందుకు?

అందరికీ నమస్కారం, మనవాళ్లకి వందనాలు.

నా వెనకాల కనిపిస్తున్నది కోత అయిపోయిన వరిచేను. మోళ్లు ఇంకా కాళ్లకి గుచ్చుకుంటున్నాయి. ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఉన్నాం, వంశధారకి ఈ పక్క. ఇంకో పది రోజుల్లో ఈ చేనంతా గుడారాలే. పర్లాకిమిడి నుంచి, అటు పాతపట్నం నుంచి జనం గుణుపూరు ప్యాసింజరు ఎక్కి, చంకన చాప, చేతిలో గిన్నెల సంచీ పట్టుకుని వచ్చేస్తారు. నాలుగు రాత్రులు పడక ఇక్కడే. ఏటా ఎండాకాలంలో మన క్రైస్తవులం చేసుకునే ఈ ఆరాధన సభల్ని మేం గుడారాల కూటాలు అంటాం.

ఈ ఏడు కమిటీలో గొడవ లేచింది. గుడారాలు ఇక చాలు, చందాలు వేసుకుని రేకుల షెడ్డు, పక్కన నాలుగు గదులు కట్టేద్దాం అంటున్నారు సగం మంది. నేను వద్దనే పక్షం. పూర్తిగా విని అప్పుడు తిట్టండి.

వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. పోయినేడు రెండో రోజు, నాలుగింటికి పడమటెండ మొహాన కొడుతోందని షామియానాకి పక్క పరదాలు దించేశాం. ఐదింటికి కొండల మీంచి మబ్బు దిగింది. పరదాలు దించిన షామియానా అంటే తెరచాపే కదా. గాలి లోపలికి దూరింది, బయటికి దారి లేదు. మూలనున్న సరుగుడు కర్ర, పన్ను పీకినట్టు, నేలలోంచి పైకి లేవడం కళ్లారా చూశాను. పప్పుచారు గుండిగ బోర్లా పడింది. దేవుడి దయ, మనుషులకి ఏమీ కాలేదు.

తప్పు గుడారానిదా? మాది. మబ్బు కనపడగానే పరదాలు ఎత్తి కట్టేసి ఉంటే గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకి పోయేది. మేకులు కూడా మా కుర్రాళ్లు నిటారుగా కొట్టేశారు. మేకు తల గుడారానికి ఎడంగా వాలి ఉండాలి. అప్పుడు తాడు ఎంత లాగినా మేకు ఊడి రాదు.

సరే, రేకుల షెడ్డు గాలికి ఆగుతుందే అనుకుందాం. మే నెల మిట్టమధ్యాహ్నం దాని కింద మీ అమ్మని ఒక గంట కూర్చోబెట్టి చూడండి. తాటాకు పందిరి కింద అయితే కునుకు తీస్తుంది.

ఇంకో మాట. ఇది బైబిల్లో లేవీయకాండం 23లో ఉన్న పర్ణశాలల పండుగని గుర్తుచేసుకుంటూ చేసేది. యూదులకి అది తిష్రి నెల 15న మొదలవుతుంది, అంటే మన సెప్టెంబరు, అక్టోబరు. పంట ఇంటికొచ్చాక ఏడు రోజుల పండుగ. మరి మనం ఎండాకాలంలో ఎందుకు పెట్టుకున్నాం? అక్టోబరులో మనకి చేలో వరి నిలబడి ఉంటుంది. పైగా అది తుపాన్ల నెల. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి గజపతి జిల్లాలో ఎవరికి మరుపు? చేలు ఖాళీ అయ్యేదీ, పిల్లలకి బడి సెలవులిచ్చేదీ ఇప్పుడే. వికారాబాద్ దగ్గర ధారూరులో 1923 నుంచి మెథడిస్టు క్రైస్తవులు చేసే జాతర నవంబరులో వస్తుంది. ఎవరి వీలు వాళ్లది.

యూదుల పద్ధతిలో ఒక నియమం నాకు భలే ఇష్టం. పర్ణశాల కప్పు చెట్టు నుంచి వచ్చినదై ఉండాలి, కొమ్మో ఆకో. రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనపడితే ఇంకా మంచిదట. ఆ లెక్కన మన నీలం టార్పాలిన్ చెల్లదు. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

బైబిల్లోనే నెహెమ్యా 8 తీసి చదవండి. జనం కొండలకి వెళ్లి కొమ్మలు తెచ్చుకున్నారు. వాటితో పర్ణశాలలు ఎక్కడ కట్టారు? కొందరు వాళ్ల ఇళ్ల మీదనే! అంటే కింద ఇల్లు ఉంది. ఇల్లు లేక గుడారం వేసుకున్నవాళ్లు కాదు వాళ్లు. షెడ్డు కావాలనే అన్నయ్యలకి నా జవాబు ఇదే.

షెడ్డు వచ్చిందా, గదులొస్తాయి. గదులొచ్చాయా, ఎవరికి గది, ఎవరికి వసారా అనే లిస్టు వస్తుంది. చేలో ఆ లిస్టు లేదు. పోయినేడు మా గుడారం తాడు పక్కవాళ్ల మేకుకే కట్టాం, మాకు ఒక మేకు తక్కువైంది. పక్కవాళ్లు జీడితోటల్లో కూలికెళ్లే సవర గిరిజన కుటుంబం. అర్ధరాత్రి మా నాన్నకి దగ్గు తెర వస్తే, ఆ అవ్వ పరదా అవతల నుంచే చెంబు చాపింది. "ఏటి బాబూ, నీళ్లు ఎట్టుకోలేదా?" అని తెలుగులోనే అడిగింది. మా నాన్నకి సవర భాష ఒక్క ముక్క రాదు. గిడుగు వారు సవర నేర్చుకున్నది పక్కనున్న పర్లాకిమిడిలోనే, మాకు మాత్రం అబ్బలేదు.

భాష మాటొచ్చింది కాబట్టి చెప్తాను. ఇక్కడ ప్రసంగం తెలుగులో ఒక వాక్యం, వెంటనే ఒడియాలో, ఆ వెనక సవరలో. అయ్యగారు ఏదైనా తమాషా మాట చెప్తే నవ్వు మూడు విడతలుగా వస్తుంది. ముందు మా వరస, తర్వాత మధ్య వరస, చివరికి వెనక చెట్టు కింద కూర్చున్నవాళ్లు. వాళ్లు నవ్వేసరికి మేం మళ్లీ నవ్వుతాం. గంట ప్రసంగం రెండున్నర గంటలవుతుంది, అది వేరే సంగతి.

చందాలు ఎత్తొద్దని నేననడం లేదు. ఎత్తండి, మరుగుదొడ్లు కట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి ఆడవాళ్లు టార్చిలైటు పట్టుకుని లైనులో నిలబడటం చూసి కూడా మనం ముందు షెడ్డు గురించి మాట్లాడుకుంటున్నాం. రెండోది బోరు. ట్యాంకరు పోయినేడు రెండు పూటలు రాలేదు. మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండబట్టి వడదెబ్బ నుంచి గట్టెక్కాం.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడారాల కర్రలు దించి పాతుతారు. గుణపం ఉన్నవాళ్లు తెచ్చుకోండి, నేల రాయిలా ఉంది. ముందురోజు సాయంత్రం మేకులు కొట్టే చోట నీళ్లు పోసి ఉంచుతాం. ఈసారి మేకుల పని నాకు అప్పజెప్పారు. కుర్రాళ్లూ, ఒక్కటి నిటారుగా కనపడినా పీకించి మళ్లీ కొట్టిస్తాను, ముందే చెప్తున్నా.