ముందు ఇంజిన్, తర్వాతే రంగు

అందరికీ నమస్కారం.

పాత గార్డెన్ ట్రాక్టర్ల గురించి మాట్లాడమని పిలిచినందుకు చాలా సంతోషం. అమెరికాలో ఇల్లు కొనుక్కుని అర ఎకరం, ఎకరం గడ్డిని చూసుకుంటున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఇందాక టీ దగ్గర ఒక వదినగారు అడిగారు, "కొత్త మోవర్ దొరుకుతుంటే అరవై ఏళ్ల నాటి పాత ఇనుము ఎందుకండీ?" అని. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

ముందు ఒక తేడా చెప్పాలి. ఇప్పుడు పెద్ద షాపుల్లో వరసగా నిలబెట్టి అమ్మేవాటిలో ఎక్కువ భాగం లాన్ ట్రాక్టర్లు. అవి గడ్డి కోస్తాయి, చిన్న ట్రాలీ లాగుతాయి, అంతే. గార్డెన్ ట్రాక్టర్ అలా కాదు. ఛాసిస్ మందమైన ఉక్కు, గేరుబాక్సు పోత ఇనుము. వెనక నాగలి తగిలిస్తే నేల దున్నుతుంది, ముందు బ్లేడు పెడితే మంచు తోస్తుంది. చూడ్డానికి చిన్నదే కానీ పనికి మాత్రం నిజమైన ట్రాక్టరే. పాతవాటిని బాగుచేయగలగడానికి కారణం కూడా అదే. వాటిలో ప్రతి భాగం బోల్టు విప్పితే బయటికొస్తుంది, అరిగితే మార్చుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. తిరిగొచ్చిన సైనికులకు సాయంగా 1944లో చేసిన జీఐ బిల్లు అనే చట్టం వల్ల వాళ్లలో చాలామందికి ఇంటి అప్పులు దొరికాయి. ఊరి శివార్లలో లక్షల ఇళ్లు లేచాయి, ఒక్కో ఇంటి చుట్టూ గడ్డి, వెనక కూరగాయల పాదులు. పొలం ట్రాక్టరుకు ఆ స్థలం చాలదు, చేత్తో తోసే యంత్రానికి అది చాలా ఎక్కువ. ఆ ఖాళీలోకి వచ్చిన బండ్లే ఇవి. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో ఎల్మర్ పాండ్ 1946లో ఒక చిన్న కంపెనీ పెట్టాడు. కొడుకు సెసిల్ పాండ్ చేతుల్లో అది వీల్ హార్స్‌గా పెద్దదైంది, 1986లో టోరో కొనేసింది. ఫార్మాల్ కబ్ అనే చిన్న పొలం ట్రాక్టర్ చేస్తున్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్, కెంటకీలోని లూయివిల్ ఫ్యాక్టరీలో 1960 చివర్లో కబ్ కేడెట్ మొదలుపెట్టింది. జాన్ డీర్ 1963లో 110 మోడల్‌తో దిగింది, అది తయారైంది విస్కాన్సిన్‌లోని హోరికన్‌లో.

విస్కాన్సిన్ దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. మిషిగన్ సరస్సు ఒడ్డున పోర్ట్ వాషింగ్టన్ అనే ఒక్క ఊళ్లోనే బోలెన్స్, సింప్లిసిటీ రెండూ ఉండేవి. ఇంజిన్లు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ మిల్వాకీలో. ఇంకో ఇంజిన్ కంపెనీ కోలర్‌ది కూడా ఆ రాష్ట్రమే. హైదరాబాద్ కొత్త ఫ్లాట్లలో బాత్రూం కుళాయిల మీద మీరు చూసే కోలర్ ఆ కోలరే. మొదటి కబ్ కేడెట్‌లో, మొదటి జాన్ డీర్ 110లో ఉన్నది ఆ కంపెనీ చేసిన ఒకే ఇంజిన్, కె161, 7 హార్స్‌పవర్. పైన రేకులు వేరు, రంగులు వేరు, గుండె మాత్రం ఒకటే. అందుకే ఒక్క కె సిరీస్ ఇంజిన్ బాగా నేర్చుకున్నవాడు నాలుగైదు కంపెనీల బండ్లు బాగుచేయగలడు.

మనకూ దీనితో చిన్న చుట్టరికం ఉంది. మహీంద్రా వాళ్లు ట్రాక్టర్ల రంగంలోకి వచ్చింది 1963లో, ఇదే ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి. అలా మన దేశంలో తయారైందే బి-275. మీలో ఎవరి నాన్నగారో తాతగారో ఆ ఎర్ర బండి మీద పొలం దున్ని ఉంటే, ఇక్కడి పసుపు తెలుపు కబ్ కేడెట్ మీకు వేలు విడిచిన బంధువే.

ఇక కొనడం దగ్గరికి వద్దాం. ఎస్టేట్ సేల్స్‌లో, వేలంపాటల్లో, రైతుల షెడ్లలో ఇవి ఇంకా దొరుకుతున్నాయి. మెరిసే రంగు చూసి డబ్బు తీయకండి. నిజానికి నాకు కొత్త రంగు కనిపిస్తేనే అనుమానం ఎక్కువ. స్పార్క్ ప్లగ్ తీసి, ఫ్లైవీల్, అంటే ఇంజిన్‌కు ఉండే బరువైన చక్రం, చేత్తో తిప్పి చూడండి. తిరిగితే సగం గెలిచినట్టే. తర్వాత గేరుబాక్సు ఆయిల్ చూడండి. పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్లు చేరాయని అర్థం. వీల్ హార్స్‌లో ఇది చాలా మామూలు. గేరు రాడ్డు కింద ఉండే రబ్బరు బూటు చిరిగిపోతుంది, ఆరుబయట పెట్టిన బండిలోకి వాననీళ్లు అక్కణ్ణుంచే దిగుతాయి. నీళ్లు తీసేసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త ఆయిల్ పోస్తే చాలాసార్లు గేర్లు బతికే ఉంటాయి. వెనక టైర్లలో బరువు కోసం కాల్షియం క్లోరైడ్ నీళ్లు పోసే అలవాటు ఉండేది, అది కారితే రిమ్మును తినేస్తుంది. వాల్వు చుట్టూ తుప్పు ఎలా ఉందో చూడండి. డెక్ అంటే కింద తగిలించే గడ్డి కోసే భాగం, నాగలి, బ్లేడు, ఇలా బండితో పాటు ఏమేమి ఇస్తున్నారో తప్పకుండా అడగండి. విడిగా వెతకాలంటే డెక్ ఒక్కటే మీకు చుక్కలు చూపిస్తుంది.

ఇంజిన్ పట్టేసి ఉంటే కంగారు వద్దు, సుత్తి అసలే వద్దు. అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సగం సగం కలిపి ప్లగ్ కన్నంలోంచి పోసి వదిలేయండి. అసిటోన్ మంటకు దగ్గరగా ఉండకూడదు, ఆ జాగ్రత్త మర్చిపోవద్దు. కొన్ని రోజులకోసారి ఫ్లైవీల్‌ను కొద్దిగా ముందుకీ వెనక్కీ కదపండి. ఈ పనికి కావలసింది ఓపికే. కదలకపోతే ఇంజిన్ పైమూత, అంటే హెడ్ విప్పండి, సిలిండర్ గోడ మీద తుప్పు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. పోత ఇనుము బ్లాకు కాబట్టి లేత్ షాపులో బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్ వేసుకోవచ్చు. చవక అల్యూమినియం ఇంజిన్లయితే చాలావరకు అక్కడే కథ ముగుస్తుంది.

ఇంజిన్ తిరుగుతోంది, నిప్పురవ్వ రావట్లేదు. మొదట పాయింట్లు చూడాలి. నిప్పురవ్వ పుట్టాల్సిన క్షణంలో తెరుచుకునే చిన్న స్విచ్చు లాంటివి అవి. కోలర్ వాళ్లు ఇక్కడ చేసిన పని నాకు ఎంతో ఇష్టం. ఆ కాలం బ్రిగ్స్ ఇంజిన్లు చాలావాటిలో పాయింట్లు ఫ్లైవీల్ కింద ఉంటాయి, వాటిని చూడాలంటే ఫ్లైవీల్ లాగాల్సిందే. కె సిరీస్‌లో అవి బ్లాకు పక్కన, చిన్న మూత కింద ఉంటాయి. లోపల క్యామ్‌షాఫ్ట్ నెడితే ఒక సన్నటి పుష్‌రాడ్ బయటికొచ్చి పాయింట్లను తెరుస్తుంది. మూత స్క్రూలు విప్పండి. ఏళ్ల తరబడి ఆగిపోయిన బండిలో ఆ రెండు మొనల మీద బూడిదరంగు పొర ఉంటుంది. కరెంటు ఆగిపోయేది ఆ పొర దగ్గరే. సన్నని ఆకురాయితో ఒక్కసారి మెల్లగా రుద్ది, శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగండి. ఫ్లైవీల్ తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి, సందు 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉండేలా ఫీలర్ గేజీతో, అంటే సందు కొలిచే పలచటి రేకుతో సరిచేయండి. ఇంకా కచ్చితంగా కావాలంటే ఫ్లైవీల్ మీద ఎస్, టి అని రెండు గుర్తులుంటాయి. ఎస్ గుర్తు చూపుడు కన్నంలోకి వచ్చిన క్షణంలోనే పాయింట్లు విడిపోవాలి. ఒక టెస్ట్ లైటు తగిలిస్తే అది ఎప్పుడు మారుతుందో కళ్లారా చూడొచ్చు. స్కానర్ అక్కర్లేదు, ఎవరి సాఫ్ట్‌వేర్ అనుమతీ అక్కర్లేదు. వదినగారూ, మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఈ చిన్న మూత కిందే ఉంది. దీన్ని చేసినవాళ్లు, వాడేవాళ్లు దీన్ని విప్పి చూస్తారని ముందే అనుకుని చేశారు.

కార్బురేటర్ గురించి రెండు మాటలు. ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్‌లో పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాక్కుంటుంది. నెలల తరబడి నిలవుంటే జిగురు, తుప్పు. వీలైతే ఇథనాల్ లేని పెట్రోల్ పోయండి, లేదంటే బండి పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేయండి. కార్బురేటర్‌లో పెట్రోల్‌ను సర్దే సూది స్క్రూలను బిగించేటప్పుడు వేళ్లతో తాకీ తాకనట్టు ఆపాలి. బలంగా తిప్పితే మొన మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత సర్దినా ఇంజిన్ నిలకడగా ఆడదు.

పాత బండ్లలో కొత్తవాళ్లను తికమకపెట్టేది స్టార్టర్ జనరేటర్. ఒకే డబ్బా బెల్టుతో ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేస్తుంది, స్టార్ట్ అయ్యాక అదే బెల్టుతో తాను తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. ఛార్జ్ రావట్లేదని దాన్ని పారేసేవాళ్లను చూశాను, బాధనిపిస్తుంది. చాలాసార్లు బెల్టు వదులై ఉంటుంది, లేదా బ్రష్షులు అరిగి ఉంటాయి. వైర్లు విప్పి మళ్లీ పెట్టినప్పుడు ధ్రువాలు సరిచేయాలి, ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీ చదవకుండా ముట్టుకోకండి.

తుప్పు పట్టిన చిన్న భాగాలకు వాషింగ్ సోడా నీళ్లు, పాత బ్యాటరీ ఛార్జర్ చాలు. నెగెటివ్ వైరు మీ భాగానికి, పాజిటివ్ వైరు పనికిరాని ఇనుప ముక్కకు. తుప్పు వదిలిపోతుంది, మంచి లోహం అలాగే ఉంటుంది. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్ కాకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఇందులో వేయకూడదు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి. పాత బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం ఊపిరితిత్తులతో ఆటలాడటమే.

ఇప్పుడు రంగు. జాన్ డీర్ 1969 నుంచి 1971 వరకు ప్యాటియో సిరీస్ అని అమ్మింది. ఒళ్లంతా తెలుపు, హుడ్డు, సీటు మాత్రం ఎరుపు, నీలం, నారింజ, పసుపుల్లో ఏదో ఒకటి. కొనేవాళ్లకు ఆకుపచ్చే కావాలి, ఇవి సరిగ్గా అమ్ముడుపోలేదు. కొన్నిటికి తర్వాత ఆకుపచ్చ పూసేశారు. ఇప్పుడు సేకరించేవాళ్లు వెతుకుతున్నది సరిగ్గా వాటినే. అందుకే బండిని ఇసుకతో కొట్టించే ముందు సీటు కింద, డాష్‌బోర్డు వెనక గీకి చూడండి, సీరియల్ ప్లేట్ ఫోటో తీసుకోండి. అసలు రంగు సగం మిగిలి ఉన్నా సరే, దాన్ని శుభ్రం చేసి అలాగే ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం. కొత్త రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఫ్యాక్టరీలో పడిన రంగు మళ్లీ రాదు.

నడిచే బండిని విప్పి ముక్కలుగా అమ్మడం నాకు అసలు నచ్చదు. లాభం వస్తుందని తెలుసు. కానీ అలా పోయిన ప్రతి బండితో ఆ మోడల్ ఒకటి తగ్గిపోతుంది. నిజంగా చచ్చిన బండి అయితే విప్పండి, భాగాలు కావలసినవాళ్లకు చేర్చండి. షెడ్డు నిండా పడుకోబెట్టిన ఇరవై బండ్ల కంటే, వారం వారం గడ్డి కోసే రెండు బండ్లే మంచి కలెక్షన్ అని నేను నమ్ముతాను. వాడకంలో ఉంటే సీళ్లు ఎండవు, తుప్పు ముందే కంటపడుతుంది. ఆగస్టులో పెన్సిల్వేనియాలోని కిన్జర్స్‌లో జరిగే పాత యంత్రాల జాతరకు కుటుంబంతో వెళ్లండి. అక్కడ ఎనభై ఏళ్ల పెద్దవాళ్లు మడత కుర్చీల్లో కూర్చుని, అడిగినవాళ్లకు అడిగినంత చెబుతారు. సిగ్గుపడకుండా అడగండి. ఇందులో చాలా సంగతులు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఈ పాత బండ్లలో చాలావాటికి సీటు స్విచ్ ఉండదు. మీరు దిగిపోయినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పకండి, గడ్డి కోస్తున్నప్పుడు వాళ్లను పెరట్లోకి రానివ్వకండి. బరువు లాగేటప్పుడు గొలుసు ఇరుసు కంటే పైన కట్టకండి, ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. సీటు స్విచ్ విడిగా కొని పెట్టుకోవచ్చు. అసలుతనం పోతుందని కొందరు పెట్టరు, నేను మాత్రం పెడతాను.

వెనక బల్ల మీద ఒక కె181 ఇంజిన్ పెట్టాను. 8 హార్స్‌పవర్, పాయింట్ల మూత విప్పి ఉంది, పక్కనే ఫీలర్ గేజీ ఉంది. ఫ్లైవీల్ మీరే తిప్పి, సందు మీరే సరిచేసి చూడండి. ముందు పిల్లల్ని రానివ్వండి.